ముందు ప్రయాణం, తర్వాతే పాయింట్లు

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఉండే మధ్యతరగతి కుటుంబం విమానం ఎక్కే సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లల వేసవి సెలవుల్లో ఢిల్లీ, ఆగ్రా. పెద్దవాళ్ల కాశీయాత్ర. అమెరికాలో కూతురి పురుడు. కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసే తమ్ముడిని చూసిరావడం. ఏడాదికి ఒకటి, ఒక్కో ఏడాది అదీ ఉండదు. ఇలాంటి ప్రయాణం ఖాయం కాగానే బంధువుల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు: "ఫలానా ఎయిర్‌లైన్స్‌లోనే బుక్ చెయ్యి, మైల్స్ వస్తాయి. ఫలానా క్రెడిట్ కార్డు తీసుకో, మళ్లీసారి టికెట్ ఫ్రీ."

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అది చెప్పిన మనిషి జీవితానికి సరిపోయే మాట. నెలకు నాలుగుసార్లు హైదరాబాద్, ముంబయి తిరిగే ఉద్యోగికి పనికొచ్చే సలహాను ఏడాదికోసారి ఎగిరే కుటుంబం యథాతథంగా పాటిస్తే డబ్బూ పోతుంది, సుఖమూ పోతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక్కటే. అరుదుగా ఎగిరే కుటుంబం ఏ కంపెనీకీ విధేయంగా ఉండనక్కర్లేదు. ముందు ప్రయాణాన్ని ఎంచుకోండి, ఆ ప్రయాణం తెచ్చే పాయింట్లను (వీటినే మైల్స్ అంటారు) ఒక్కటి కూడా వదలకండి. ఈ వరుస తిరగబడకపోతే చాలు.

ఈ పాయింట్లు ఎవరి కోసం పుట్టాయి?

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్వాంటేజ్' అనే పథకం మొదలుపెట్టింది. నేడు ప్రపంచమంతా నడుస్తున్న మైల్స్ పథకాలకు దారి చూపింది అదే. అందులోని కిటుకు చాలా తేలిక. వ్యాపార ప్రయాణికుడి టికెట్ డబ్బు అతని ఆఫీసు కడుతుంది, మైల్స్ మాత్రం అతని సొంత ఖాతాలో పడతాయి. తన జేబులోంచి పోయేదేమీ లేదు కాబట్టి, నాలుగు వేలు ఎక్కువైనా అతను అదే కంపెనీ విమానం ఎక్కుతాడు. కంపెనీకి కావలసిందీ అదే.

మన ఇంట్లో టికెట్ డబ్బు కట్టేదీ మనమే, పాయింట్లు తీసుకునేదీ మనమే. కాబట్టి ఆ నాలుగు వేలు ఎక్కువ పెట్టడంలో మనకు లాభం లేదు. పైగా ఇప్పుడు చాలా పథకాలు ఎంత దూరం ఎగిరామన్నది వదిలేసి, ఎంత డబ్బు పెట్టామన్నదాన్ని బట్టి పాయింట్లు ఇస్తున్నాయి. వెతికి వెతికి చవక టికెట్ కొన్నవాళ్లకు వచ్చేవి తక్కువ. లాంజ్, ముందు వరస సీటు, అదనపు లగేజీ లాంటి అసలు మర్యాదలన్నీ గోల్డ్, ప్లాటినం మెట్లు ఎక్కినవాళ్లకే దక్కుతాయి. ఏడాదికోసారి ఎగిరే కుటుంబం ఆ మెట్లు ఎక్కడం జరిగే పని కాదు.

ఇంకో సంగతి చూడండి. ఇండిగో 2006లో ఎగరడం మొదలుపెట్టింది. ప్రయాణికులందరికీ 'బ్లూచిప్' పేరుతో పాయింట్ల పథకం పెట్టింది 2024లో. అంటే అది దేశంలోకెల్లా పెద్ద ఎయిర్‌లైన్స్‌గా ఎదిగింది ఆ పథకం లేని రోజుల్లోనే. కోట్లాది మంది వేళ, ధర, ఊరు చూసుకుని ఎక్కారు. మనమూ అక్కడి నుంచే మొదలుపెడదాం.

మన ఊరి నుంచి ఆకాశానికి నాలుగు దారులు

ఏ కంపెనీ అనేది రెండో ప్రశ్న. ఏ విమానాశ్రయం అనేది మొదటి ప్రశ్న. పెద్ద నగరంలో ఉండేవాళ్లకు ఈ ప్రశ్న రాదు. మనకు మాత్రం సగం ఖర్చు, సగం అలసట ఇక్కడే తేలతాయి.

మొదటి దారి ఓర్వకల్లు. 2021 మార్చి 25న ప్రారంభమైన కర్నూలు విమానాశ్రయం ఇది. మన ప్రాంతపు వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకుంది. అదే నెల 28న ఇండిగో విమానాలతో రాకపోకలు మొదలయ్యాయి. నంద్యాల నుంచి గంట ప్రయాణం.

రెండోది కడప. ఆళ్లగడ్డవాళ్లకు ఓర్వకల్లు, కడప దాదాపు సమాన దూరం, రెండూ ఒకే హైవే మీద చెరోవైపు. చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు దాటితే కడప. నంద్యాల, పాణ్యం దాటితే ఓర్వకల్లు. అందుకని ఆళ్లగడ్డవాళ్లు టికెట్ వెతికేటప్పుడు రెండు పేర్లూ కొట్టి చూడాలి.

మూడోది హైదరాబాద్ దగ్గర శంషాబాద్. నంద్యాల నుంచి సుమారు 250 కిలోమీటర్లు. దేశంలోని ఏ పెద్ద ఊరికైనా, గల్ఫ్‌కైనా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లకైనా నేరుగా విమానం దొరుకుతుంది. నాలుగోది బెంగళూరు దగ్గర దేవనహళ్లి. 300 కిలోమీటర్ల పైనే ఉన్నా, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ లాంటి రైలు నంద్యాల మీదుగా బెంగళూరు వెళుతుంది కాబట్టి, పెద్దవాళ్లను పడుకోబెట్టి తీసుకుపోవచ్చు.

చిన్న విమానాశ్రయం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. 2017 ఏప్రిల్ 27న కేంద్ర ప్రభుత్వం చిన్న ఊళ్లను విమానాలతో కలిపే ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ప్రారంభించినప్పుడు సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్ సర్వీసు కూడా ఆ రోజే లేచింది. ఆ విమానం నడిపింది మన హైదరాబాద్ కేంద్రంగా పుట్టిన ట్రూజెట్. ఐదేళ్లు తిరక్కముందే ఆ కంపెనీ విమానాలు ఆగిపోయాయి. తర్వాత ఇండిగో వచ్చి కడపను మళ్లీ కలిపింది. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, ఓర్వకల్లు, కడప లాంటి చోట్ల సర్వీసులు వస్తుంటాయి, పోతుంటాయి, రోజులు మారుతుంటాయి. నిరుడు మీ బావమరిది ఎక్కిన విమానం ఈ ఏడాది ఉంటుందని లెక్క వేసుకోవద్దు. ఇప్పుడు ఉన్నదేదో చూసుకునే సెలవు పెట్టండి.

ఒకే కాగితం మీద మూడు లెక్కలు

ఫోన్ తెరమీద కనిపించేది టికెట్ ధర ఒక్కటే. ఇంటి గడప నుంచి దిగే ఊరి గడప దాకా అయ్యే ఖర్చు అందులో కనిపించదు. దాన్ని మనమే రాసుకోవాలి. ఉదాహరణకు నంద్యాలలో ఒక కుటుంబం అనుకుందాం. భార్యాభర్తలు, అవ్వ, తొమ్మిదేళ్ల అమ్మాయి, ఏడాదిన్నర బాబు. మే నెలలో ఢిల్లీ వెళ్లాలి. అంకెలు పద్ధతి చూపడానికి నేను వేసుకున్నవి. మీరు వెతికే రోజు ఉండే ధరలు మీరు వేసుకోండి. బాబు ఒళ్లో కూర్చుంటాడు, అతనికయ్యే రుసుము ఎటు పోయినా ఉండేదే కనుక పక్కన పెడదాం.

మొదటి లెక్క: ఓర్వకల్లు నుంచి బెంగళూరు మీదుగా, ఒకే టికెట్. మనిషికి 9,500 చొప్పున నలుగురికి 38,000. ఓర్వకల్లుకు కారు 2,000. టిఫిన్లు 500. మొత్తం 40,500.

రెండో లెక్క: శంషాబాద్ నుంచి నేరుగా, తెల్లవారుజామున నాలుగింటి విమానం. మనిషికి 6,800 చొప్పున 27,200. నంద్యాల నుంచి కారు, టోల్‌తో కలిపి 7,500. అవ్వ, పసిబిడ్డ ఉన్నారని ముందురోజే చేరి గది తీసుకుంటే 3,000. దారి భోజనాలు 1,800. మొత్తం 39,500.

మూడో లెక్క: అదే శంషాబాద్, కానీ పట్టపగలు పదకొండింటి విమానం. టికెట్లు అదే 27,200. ముందు రాత్రి నంద్యాలలో బస్సెక్కితే నలుగురికి 2,800. కర్నూలు వైపు నుంచి వచ్చే బస్సు నగరంలోకి వెళ్లకముందే శంషాబాద్ తగులుతుంది. అక్కడ దిగి క్యాబ్‌లో విమానాశ్రయానికి 600. టిఫిన్లు 600. మొత్తం 31,200.

తెరమీద మొదటి లెక్కకూ రెండో లెక్కకూ టికెట్లలో 10,800 తేడా కనిపించింది. కాగితం మీదికి వచ్చేసరికి వెయ్యి రూపాయలే మిగిలింది. ఆ వెయ్యి కోసం అవ్వను అర్ధరాత్రి నిద్రలేపాలా? ఇది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. అసలు ఆదా మూడో లెక్కలో ఉంది. కంపెనీ మార్చినందుకు వచ్చింది కాదది, విమానం వేళ మార్చినందుకు వచ్చింది.

ఇక పాయింట్లను ఈ లెక్కలో పెట్టి చూడండి. 27,200 మీద నూటికి మూడు రూపాయల విలువ తిరిగి వస్తుందనుకుందాం. 816 రూపాయలు. దానికోసం వేళ తప్పిన విమానం ఎక్కితే 8,300 పోయినట్టే. పాయింట్లు ఎక్కడ నిలబడాలో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

కంపెనీని ఎంచుకునేటప్పుడు వేయాల్సిన ప్రశ్నలు

ధరలు ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు కంపెనీల మధ్య ఎలా తేల్చుకోవాలి? కుటుంబానికి ముఖ్యమైన ప్రశ్నలు ఐదు.

ఒకటి, ఈ విమానం రద్దయితే అదే రోజు ఆ కంపెనీకి ఆ ఊరికి మరో విమానం ఉందా? రోజుకు ఐదారు సర్వీసులున్న కంపెనీ మిమ్మల్ని సాయంత్రానికైనా పంపగలదు. వారానికి మూడు రోజులే నడిపే కంపెనీ రెండు రోజులు కూర్చోబెట్టొచ్చు. ఐదుగురితో శంషాబాద్‌లో రెండు రోజులంటే ఎంత ఖర్చో వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద కంపెనీ అయినా పూర్తి భరోసా లేదన్నది 2025 డిసెంబరులో దేశమంతా చూసింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారినప్పుడు ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది. అందుకే పెళ్లి ముహూర్తానికో వీసా ఇంటర్వ్యూకో వెళ్లేవాళ్లు ఒకరోజు ముందే చేరేట్టు చూసుకోవాలి.

రెండు, మధ్యలో విమానం మారాలంటే రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయా? ఒకే పీఎన్ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, వేరే విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. ఓర్వకల్లు–బెంగళూరు టికెట్ ఒకచోట, బెంగళూరు–దుబాయ్ టికెట్ మరోచోట కొంటే, తప్పిపోయిన విమానం డబ్బు మీ నెత్తిన పడుతుంది. పెట్టెలు కూడా బెంగళూరులో మీరే తీసుకుని మళ్లీ అప్పగించాలి. విడిగా కొంటే రెండు వేలు మిగలొచ్చు. ఆ రెండు వేలకు పిల్లాపాపలతో అంత ముప్పు కొనుక్కోవద్దు.

మూడు, పిల్లల సంగతేమిటి? రెండేళ్ల లోపు బిడ్డ ఒళ్లో ప్రయాణించొచ్చు. వెళ్లేటప్పుడు రెండేళ్లు నిండకపోయినా తిరుగు ప్రయాణం నాటికి నిండితే, ఆ టికెట్‌కు సీటు కొనాల్సిందే. పుట్టినరోజు దగ్గరపడిన బిడ్డ ఉంటే క్యాలెండరు ముందు పెట్టుకుని తేదీలు ఖాయం చేయండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్‌లో ఉన్న అమ్మానాన్నల్లో ఒకరి పక్కనే సీటు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి పిల్లల పక్కన కూర్చోవడానికి కంగారుపడి అందరికీ సీట్లు కొనేయకండి. ముందు కౌంటర్లో అడగండి. కుటుంబమంతా ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలన్న మాట మాత్రం మరవకండి.

నాలుగు, లగేజీ ఎంత? దేశంలో తిరిగే ఎకానమీ టికెట్ల మీద ఎక్కువగా మనిషికి 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతిసంచి. పెట్టెలు లేకుండా చవగ్గా అమ్మే టికెట్లూ ఉన్నాయి. అవి మనకు పనికిరావు. విమానాశ్రయంలో కట్టే అదనపు బరువు రుసుము ముందే ఆన్‌లైన్‌లో కొన్నదానికన్నా బాగా ఎక్కువ. పచ్చళ్లు, నెయ్యి పెట్టెలో వేయండి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఎండుకొబ్బరిని, నూనె గల సరుకని, విమానంలోకి రానివ్వరు, గుడిప్రసాదంలో ఉంటే ఇంట్లోనే తీసేయండి.

ఐదు, తేదీ మార్చుకుంటే ఎంత పోతుంది? పిల్లవాడికి జ్వరం వస్తుంది, వరికోత ఒకవారం ముందుకు జరుగుతుంది. అందరికన్నా చవక టికెట్ రద్దు చేసుకుంటే చేతికొచ్చేది తరచుగా పన్నులు మాత్రమే. నాలుగైదు వందల తేడాలో తేదీ మార్చుకునే వీలున్న టికెట్ దొరికితే, రైతు కుటుంబానికి అదే మేలు.

అమ్మను అమెరికా పంపేటప్పుడు

మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు అతిపెద్ద విమాన ఖర్చు ఇదే. కూతురికో కోడలికో నెలలు నిండుతున్నాయి, ఆళ్లగడ్డలో ఉన్న అమ్మ ఒక్కతే డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లాలి. కొడుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఈ కంపెనీకి ఇన్ని మైల్స్, ఆ కంపెనీకి అన్ని మైల్స్ అంటుంటాడు. అమ్మ ప్రశ్న వేరు.

"ఆ మైల్సేందో నాకు తెలీదు నాయనా. నడిమధ్య యాడ దిగాల, ఎవురిని అడగాల, అది చెప్పు."

టికెట్ ఎంపికకు ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. ఆమె కోసం వెతికేటప్పుడు ఒక్కసారే మారే దారి చూడండి. శంషాబాద్ నుంచి ఎమిరేట్స్‌లో దుబాయ్ మీదుగా, ఖతార్ ఎయిర్‌వేస్‌లో దోహా మీదుగా, ఎతిహాద్‌లో అబుదాబి మీదుగా, లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో లండన్ మీదుగా అమెరికా చేరొచ్చు. మధ్యలో రెండున్నర మూడు గంటల వ్యవధి ఉండాలి. గంటా పదిహేను నిమిషాల వ్యవధి పెద్ద వయసువాళ్లకు పరుగే. పదకొండు గంటల వ్యవధి ఇంకా కష్టం. మధ్య దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో కొనకముందే ఆ దేశపు అధికారిక సైట్‌లో చూడండి.

వీల్‌చైర్ సాయం అడగడం నామోషీ కాదు. దానికి మామూలుగా రుసుము ఉండదు. నడవగలిగిన అమ్మకైనా, భాష తెలియని విమానాశ్రయంలో చేయిపట్టి నడిపించే మనిషి దొరుకుతాడు. టికెట్ తీసుకున్నప్పుడే, కాకుంటే కనీసం 48 గంటల ముందే నమోదు చేయించండి. టికెట్ మీద ఆ సంగతి ఎక్కిందో లేదో ఫోన్ చేసి మళ్లీ రూఢి చేసుకోండి.

తిరుగు తేదీ మార్చుకునే వీలు ఈ టికెట్‌కు తప్పనిసరి. సందర్శకులకు మామూలుగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు గానీ, కచ్చితమైన గడువు అక్కడ దిగాక అధికారి ఇస్తాడు. కాన్పు తేదీ మన చేతిలో ఉండదు. మార్పు రుసుము తక్కువున్న టికెట్‌కు ముందు మూడు వేలు ఎక్కువైనా, చివరికి మిగిలేది అందులోనే.

పేరు దగ్గర మనవాళ్లకు ఎక్కువ చిక్కులొస్తాయి. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. ఇలాంటి ఒంటిపేరు పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. గల్ఫ్ వెళ్లాలనుకుంటే ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోండి. టికెట్ మీద, మైల్స్ ఖాతాలో, పాస్‌పోర్టులో పేరు ఒకే తీరుగా ఉండాలి. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక ఉంటే, ఎగిరిన మైల్స్ ఖాతాలో పడకపోవచ్చు. దేశంలోపలి టికెట్ ఎయిర్‌లైన్స్ సైట్‌లోనే నేరుగా కొంటే, 24 గంటల లోపు చెప్పిన పేరు పొరపాటును రుసుము లేకుండా సరిచేయాలన్నది డీజీసీఏ నిబంధన. అందుకని బుక్ చేసిన రాత్రే ఒక్కొక్క అక్షరం చదవండి.

ఇప్పుడు పాయింట్లు: ఆరు సూత్రాలు

ప్రయాణం ఖాయమైంది. కంపెనీ తేలింది. అప్పుడు పాయింట్ల దగ్గరికి రండి. ఇవి ఉచితంగా వచ్చేవి కాబట్టి వదలడం తెలివితక్కువ.

1. ఎక్కే ప్రతి కంపెనీలో ఉచిత సభ్యత్వం తీసుకోండి. ఇండిగోలో బ్లూచిప్, ఎయిర్ ఇండియాలో మహారాజా క్లబ్, ఎమిరేట్స్‌లో స్కైవార్డ్స్. చేరడానికి పైసా అక్కర్లేదు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడి నంబరు ఉండాలి. నాన్న నంబరు మీద అందరి పాయింట్లూ పడవు, ఎగిరినవాళ్లవి వాళ్లకే. ఒళ్లో కూర్చునే పసిబిడ్డకు మామూలుగా ఏమీ రావు.

2. ఇంటి పాయింట్లన్నీ ఒక కుప్పలో వేసే వీలుంటే వాడుకోండి. స్కైవార్డ్స్‌లో 'మై ఫ్యామిలీ' కింద ఎనిమిది మంది దాకా కలపొచ్చు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లలోనూ కుటుంబ ఖాతాలున్నాయి. విడివిడిగా ఎందుకూ చాలని పాయింట్లు, కలిస్తే ఒక టికెట్‌కో ఒక సీటు పెంపుకో చాలుతాయి.

3. విదేశీ ప్రయాణానికి ఎయిర్‌లైన్స్ కూటమిని చూసి ఖాతా ఎంచుకోండి. ఎయిర్ ఇండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. లుఫ్తాన్సా, యునైటెడ్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా అందులోవే. వీటిలో దేంట్లో ఎగిరినా, టికెట్ తరగతి అనుమతిస్తే, మైల్స్ ఒకే ఖాతాలో వేయించుకోవచ్చు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ మరో కూటమి, వన్‌వరల్డ్. ఒక ప్రయాణపు మైల్స్ ఒక్క ఖాతాలోనే పడతాయి.

4. గడువు మనకు కలిసొచ్చే ఖాతా చూడండి. మూడేళ్లకోసారి అమెరికా వెళ్లే కుటుంబానికి అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఇదే. స్కైవార్డ్స్ మైల్స్‌కు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైల్స్‌కు మూడేళ్ల గడువు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ల ఏవియోస్ అనే పాయింట్లు 36 నెలల్లో ఒక్కసారి ఖాతా కదిలినా బతుకుతాయి. యునైటెడ్, డెల్టా మైల్స్‌కు గడువు లేదు. అమెరికాలో ఉండే కొడుకూ కోడలూ ఎక్కువగా యునైటెడ్ ఖాతా వాడుతుంటే, అమ్మ స్టార్ అలయన్స్‌లో వెళ్లినప్పుడు ఆమెకూ అదే ఖాతా తెరవడం మంచిది.

5. దాచొద్దు, వాడేయండి. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగింది, దాని మైల్స్ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న, గో ఫస్ట్ 2023 మే నెలలో ఆగిపోయాయి. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. దాని పాయింట్లు మహారాజా క్లబ్‌లోకి మారాయి. పన్నెండేళ్లలో ఇన్ని పేర్లు మారిన రంగంలో పాయింట్లు కూడబెట్టుకుంటూ కూర్చోవడం వృథా. ఎన్ని పాయింట్లకు టికెట్ ఇవ్వాలన్నది కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వడ్డీ మాత్రం ఇవ్వదు. టికెట్‌కు చాలినన్ని అయిన వెంటనే వాడండి. చాలకపోతే పాయింట్లు, డబ్బు కలిపి చెల్లించే వీలుందేమో చూడండి. పాయింట్ల టికెట్‌కు కూడా పన్నులు, రుసుములు కట్టాలి. మామూలు టికెట్ ధరతో పోల్చి చూశాకే నొక్కండి.

6. పాయింట్ల కోసం క్రెడిట్ కార్డు తీసుకోకండి. బిల్లు నెలనెలా పూర్తిగా కట్టే అలవాటున్నవాళ్లు, ఏటా కట్టే రుసుముకన్నా వచ్చే లాభం ఎక్కువని కాగితం మీద తేలితే తీసుకోవచ్చు. ఒక్క నెల బాకీ మిగిలినా, నూటికి మూడు రూపాయల పైన నెలవారీ వడ్డీ పడే కార్డులే ఎక్కువ. ఏడాదంతా కూడిన పాయింట్లను ఆ ఒక్క నెల మింగేస్తుంది. పంట డబ్బు ఏడాదికి రెండుసార్లు చేతికొచ్చే ఇంట్లో ఈ కార్డు చాలా ప్రమాదం.

ప్రయాణం అయ్యాక బోర్డింగ్ పాస్ పారేయకండి. రెండు వారాల్లో మైల్స్ పడకపోతే, టికెట్ నంబరు, బోర్డింగ్ పాస్ ఫొటో పెట్టి అడగొచ్చు. చాలా కంపెనీలు కొన్ని నెలల దాకా ఈ వినతి తీసుకుంటాయి.

సభ్యత్వం లేకున్నా ఉండే హక్కులు

గోల్డ్ కార్డు లేనంత మాత్రాన దిక్కులేనివాళ్లం కాదు. డీజీసీఏ నిబంధనలు అన్ని టికెట్లకూ వర్తిస్తాయి. ఆలస్యం రెండు గంటలు దాటితే, ప్రయాణ నిడివిని బట్టి, టిఫినో భోజనమో ఇవ్వాలి. ఆరు గంటలు దాటుతుందంటే వేరే విమానమో పూర్తి డబ్బు వాపసో మీరు కోరుకోవచ్చు. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, ప్రయాణ నిడివిని బట్టి మనిషికి 5,000, 7,500 లేక 10,000 రూపాయల దాకా పరిహారం ఉంది. టికెట్ మూల ధర, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. తుపాను, భద్రతా కారణాల వంటి వాటికి ఈ పరిహారం వర్తించదు.

టికెట్ కొనేటప్పుడు ఏజెంటు ఫోన్ నంబరు బదులు మీ నంబరే ఇవ్వండి. రద్దు సమాచారం మీకు చేరాలి. కౌంటర్లో గొంతు పెంచడం వల్ల పని కాదు. అడిగింది రాసి ఇవ్వండి, ఫొటో తీసుకోండి. కంపెనీ స్పందించకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవా యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. కుటుంబ పెద్దగా ఇది మీ బాధ్యత, మొహమాటపడాల్సిన పని లేదు.

ఈ వారం చేయాల్సిన పని

ఒక ఆదివారం సాయంత్రం గంటసేపు ఇంట్లో అందరూ కూర్చోండి. ఈ పనులు ముగించండి.

రాబోయే రెండేళ్లలో ఖాయంగా చేయాల్సిన ప్రయాణాలు రాయండి. ప్రతిదాని పక్కన ఎవరెవరు, ఏ నెల, ఎందుకు అన్నది రాయండి.

అందరి పాస్‌పోర్టులు, ఆధార్ కార్డులు బయటికి తీసి పేర్లు పోల్చండి. తేడా ఉంటే సరిచేయించడం ఇప్పుడే మొదలుపెట్టండి.

మొదటి ప్రయాణానికి ఓర్వకల్లు, కడప, శంషాబాద్, దేవనహళ్లి నాలుగింటి నుంచి ధరలు చూసి, గడప నుంచి గడప దాకా లెక్క వేయండి. ఆ లెక్క పిల్లలతో వేయించండి. తొమ్మిదేళ్ల అమ్మాయికి కూడికలకు ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదు.

ఎక్కబోయే కంపెనీలో అందరికీ సభ్యత్వం తీసుకుని నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. గడువు తేదీలు దాని పక్కనే ఉండాలి.

చివరిగా, ఇంట్లో వయసులో అందరికన్నా పెద్దవారిని, చిన్నవారిని దృష్టిలో పెట్టుకుని ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ దారిలో వీళ్లు కష్టపడకుండా చేరతారా? అవునన్న జవాబు వచ్చిన టికెట్లలో చవకైనది కొనండి. పెద్దవాళ్ల ఓపికను, పిల్లల నిద్రను లెక్కలోకి తీసుకునే ఇల్లు ఏ కంపెనీ విమానం ఎక్కినా నష్టపోదు.